కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: మైకు మోత, పిల్లల పవర్ సప్లై తరగతులు

సభ్యులందరికీ నమస్కారం.

సంపులు కడిగించడం, వీధి దీపాలు, బతుకమ్మ ఏర్పాట్లు ఈ ఏడాది కూడా ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు నోటీసు బోర్డులో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. పిల్లలు పవర్ సప్లై (ఇంటి కరెంటును పరికరానికి కావలసిన తక్కువ వోల్టులకు దించి, ఒకే దిశలో పారేలా మార్చే పెట్టె) తయారుచేసిన వేసవి తరగతుల గురించి మాత్రం కాస్త చెప్పాలి. "సంఘం డబ్బుతో ఈ డయోడ్ల గోలేంటి?" అని మీటింగులో ఇద్దరు ముగ్గురు అడిగారు మరి. (డయోడ్ అంటే కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే చిన్న భాగం.)

అసలు కారణం మన మైకు సెట్టు. వినాయక చవితికి ఎవరూ నోరు తెరవకముందే బొంయ్‌మని మోత మొదలైంది. విప్పి చూస్తే దాని పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్ (కరెంటును కాస్త నిల్వచేసి వోల్టేజి ఒడిదుడుకుల్ని చదును చేసే భాగం) నెత్తి ఉబ్బి ఉంది. కాలనీలోనే ఉండే రిటైర్డ్ ఎలక్ట్రానిక్స్ సార్ దాన్ని మార్చారు. చుట్టూ మూగిన పిల్లల్ని చూసి, "సెలవుల్లో రండ్రా, ఇలాంటి పవర్ సప్లై మీ చేతే చేయిస్తా" అన్నారు.

సామాను కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాం. 230 వోల్టుల వైపు పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వలేదు. ఆ వైరింగ్ సారే చేసి డబ్బాలో మూసేశారు.

ట్రాన్స్‌ఫార్మర్ 230ని 12కి దించుతుంది, కానీ అది ఇంకా ఏసీ కరెంటే. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. నాలుగు డయోడ్ల బ్రిడ్జి రెండు ఊపుల్నీ ఒకే దారికి మళ్లిస్తుంది. కాబట్టి సెకనుకు 100 పొంగులు వస్తాయి. కెపాసిటర్ చెడి వీటిని చదును చేయలేకపోవడంతో మైకులో మనం విన్న మోత ఇదే.

"12 వోల్టులన్నారు, మీటరు 15 దాటి చూపిస్తోందేంటి సార్?" అని ఎనిమిదో తరగతి పాప అడిగింది. మంచి ప్రశ్న. 12 అనేది ఆర్ఎంఎస్ లెక్క (ఊగే వోల్టేజికి ఒకరకం సగటు), శిఖరం దగ్గర అది దాదాపు 17 ఉంటుంది. దారిలో రెండు డయోడ్లు తలా 0.7 తినేస్తే 15.6 మిగులుతుంది. కెపాసిటర్ ఆ శిఖరం దాకా నిండుతుంది.

కెపాసిటర్ అంటే మన సంపే అన్నారు సార్. నల్లా రోజు విడిచి రోజు వచ్చినా ఇంట్లో కుళాయి ఆగదు. సంపు చిన్నదైతే మధ్యలోనే అడుగంటుతుంది. పిల్లలు ముందు 1000 మైక్రోఫారడ్ల (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ పెట్టి, 7812 రెగ్యులేటర్ (వోల్టేజిని 12 దగ్గర నిలబెట్టే చిప్) తగిలించి, అర ఆంపియర్ లోడు ఇచ్చారు. మళ్లీ బొంయ్! పొంగుకీ పొంగుకీ మధ్య వోల్టేజి దాదాపు 5 వోల్టులు జారుతోంది. 7812 నిలకడగా 12 ఇవ్వాలంటే లోపలికి 14 అయినా రావాలి, పల్లంలో అదెక్కడిది? 4700ది పెట్టాక జారుడు ఒక వోల్టుకు తగ్గి మోత పోయింది. రెగ్యులేటర్ వెనక హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు ముక్క) కాస్త వేడెక్కింది. మిగులు వోల్టేజిని రెగ్యులేటర్ వేడి రూపంలోనే వదిలించుకుంటుంది మరి.

ఒకడు కెపాసిటర్ ప్లస్ మైనస్ తిరగేసి పెట్టాడు. టప్‌మని పేలింది. పైన మూత ఉంది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి రక్షణ కళ్లద్దాలు లేనిదే ఎవరినీ బల్ల దగ్గరికి రానివ్వలేదు. ముందే తెచ్చిపెట్టాల్సింది, అది మా పొరపాటే.

మిగిలిన డయోడ్లు, రెండు సోల్డరింగ్ ఐరన్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. ఒక 4700 కెపాసిటర్ లెక్కకు రావడం లేదు. ఎవరింటికి చేరిందో చూసి తిరిగి ఇవ్వగలరు.

— కార్యదర్శి