ఆర్థిక మంత్రి గారూ, మా సెప్టెంబర్ హాజరు పట్టీ కూడా చూడండి

తెలంగాణ రాష్ట్ర ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. గద్వాల వైపు పల్లెల్లో చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన టీచర్‌ని నేను. తలసరి ఆదాయంలో మన రాష్ట్రం ముందు వరుసలో ఉందని విన్నప్పుడల్లా సంతోషిస్తాను. 2023-24లో అది 3.4 లక్షల రూపాయలు దాటింది. వెంటనే మా బడి హాజరు పట్టీ కళ్ల ముందుకొస్తుంది.

మా దగ్గర సీడ్ పత్తి, అంటే కంపెనీలకు విత్తనం కోసం వేసే పత్తి, పండిస్తారు. పువ్వు పువ్వుకూ చేత్తో క్రాసింగ్, అంటే పరాగ సంపర్కం, చేయాలి. సాయంత్రం మొగ్గ ఒలవాలి, పొద్దున మగపువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. చెట్టు ఎత్తు తక్కువ, పిల్లల వేళ్లు సన్నం, వాళ్ల కూలి చవక. ఆగస్టు దాటితే తరగతిలో సగం బెంచీలు ఖాళీ. ఆరో తరగతి అమ్మాయిని అడిగితే "క్రాసింగ్ అయిపోయినంక వస్త సార్" అంది. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, రాలేదు. మరుసటి ఏడు వాళ్ల చెల్లెలు కూడా అదే చేలో కనిపించింది.

రైతును తప్పుపట్టలేను. రేటు విత్తన కంపెనీది. కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే ఆర్గనైజర్ దగ్గర తీసుకున్న అడ్వాన్సు నెత్తిమీద ఉంటుంది. పెద్దవాళ్ల కూలి ఇస్తే ఆయనకేం మిగలదు. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని 2016లో చట్టం సవరించారు. కానీ బడి లేని వేళల్లో సొంత కుటుంబం చేసే పనికి సాయపడొచ్చన్న వెసులుబాటు ఉంచారు. తనిఖీకి ఎవరొచ్చినా చేలో ఉన్న ప్రతి పిల్లా ఆ ఇంటి పిల్లే అవుతుంది.

ఆ విత్తనం డబ్బు రాష్ట్ర ఆదాయంలో కలుస్తుంది. ఆ పిల్ల చదువు పోయినందుకు అందులోంచి ఒక్క రూపాయీ తగ్గదు. 2011 లెక్కల ప్రకారం మా జిల్లా అక్షరాస్యత 50 శాతం కూడా లేదు, హైదరాబాద్‌లో 83 దాటింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన రాష్ట్రంలో వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు 2015-16లో 28 శాతం, 2019-21లో 33 శాతం. ఆ మధ్యలో మన ఆదాయం బాగా పెరిగింది కదా సార్! డబ్బొస్తే మిగతావన్నీ దాని వెనకే వస్తాయన్న మాట ఇక నమ్మలేను.

క్రాసింగ్ నెలల్లో మా మండలాల్లో సీజనల్ హాస్టళ్లు తెరిపించండి. కంపెనీలు రైతుకిచ్చే రేటులో పెద్దవాళ్ల కూలి లెక్కగట్టి చేర్చేలా చూడండి. వచ్చే బడ్జెట్ ప్రసంగంలో తలసరి ఆదాయం చదివాక, మా జిల్లా బళ్ల సెప్టెంబర్ హాజరు కూడా సభలో చదవండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
జోగులాంబ గద్వాల జిల్లా