ట్రోమ్సోలో మేము వ్యాను దగ్గర లేమని మీరు రాసుకున్న అబద్ధం గురించి

వినియోగదారుల సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: జులైలో నార్వేలోని ట్రోమ్సోలో మీ దగ్గర అద్దెకు తీసుకున్న క్యాంపర్ వ్యాను (వండుకుని పడుకునే ఏర్పాటున్న బండి) చెడిపోయినప్పుడు మమ్మల్ని పట్టించుకోకపోవడం, ఆపై తప్పుడు కారణం రాసి ఫిర్యాదును మూసివేయడం.

అయ్యా,

మీ కార్యాలయం నుంచి నాకు వచ్చిన మెయిల్‌లో ఒకే ఒక్క వాక్యం ఉంది. "మెకానిక్ వచ్చిన సమయానికి కస్టమర్ వాహనం వద్ద లేనందున ఫిర్యాదు ముగించడమైనది." అది చదివాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. వ్యాను చెడిపోయినందుకు నాకు మీ మీద కోపం లేదు. యంత్రం అన్నాక ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. ఈ వాక్యాన్ని మాత్రం నేను క్షమించలేను.

ఏది చెడిందో మీ దగ్గర రాసే ఉంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఫిన్లాండ్ సరిహద్దు దాటి ఈ8 రహదారి మీద ట్రోమ్సో వైపు వస్తుండగా వ్యాను లోపలి కరెంటు మొత్తం పోయింది. బండి నడుస్తోంది గానీ హీటరు లేదు, నీళ్ళ పంపు లేదు, ఫ్రిజ్ లేదు. క్యాంపింగ్ స్థలంలో కరెంటు తీగ తగిలించినా ఫలితం లేకపోయింది. అక్కడ జులైలో కూడా సగటు ఉష్ణోగ్రత 12 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. మా అత్తగారికి డెబ్బై దాటాయి. ఆవిడ చలికోటు వేసుకునే పడుకున్నారు. ఈ సంగతి మీ వాళ్ళకు చేసిన ప్రతి ఫోనులోనూ చెప్పాను. ఒక్కరైనా "ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడగలేదు.

మొదట ఫోను ఎత్తిన అబ్బాయి మర్యాదగా విన్నాడు, గంటలో ఫోను వస్తుందన్నాడు. రాలేదు. మళ్ళీ చేస్తే వేరే అమ్మాయి ఎత్తింది. మా పేరుతో ఏ ఫిర్యాదూ నమోదు కాలేదని, మొదటి నుంచి చెప్పమని అంది. చెప్పాను. దగ్గరలోని గ్యారేజీకి తీసుకెళ్ళమంది. జులైలో నార్వేలో సగం దేశం సెలవుల్లో ఉంటుందని అక్కడ వ్యాపారం చేసే మీకు తెలియదా? ఊరంతా తిరిగి తెరిచి ఉన్న ఒక గ్యారేజీ పట్టుకున్నాం. వాహన యజమాని రాతపూర్వక అనుమతి లేనిదే ముట్టుకోనని ఆయన చెప్పాడు. అందులో న్యాయం ఉంది. ఆ కాగితం పంపమని మీకు ఫోను చేస్తే, అనుమతులిచ్చే విభాగం వేరన్నారు. ఆ విభాగానికి కలిపారు. చాలాసేపు సంగీతం వినిపించి లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ కొత్త గొంతు, మళ్ళీ మొదటి నుంచి కథ.

ఒకాయన వ్యానును ఓస్లో డిపోకు తెచ్చి మార్చుకోమన్నాడు. ట్రోమ్సో నుంచి ఓస్లో 1,600 కిలోమీటర్లకు పైనే. ఆయన పటం చూశాడో లేదో గానీ, తెచ్చుకోకపోతే అది మా ఇష్టమని మాత్రం గట్టిగా చెప్పాడు.

ఆ తర్వాత మాట్లాడినావిడ అడిగినది నేను మర్చిపోలేను. చీకటి పడ్డాక లోపలి లైట్లు వెలగడం లేదని వీడియో తీసి పంపాలట, పగటి వెలుతురులో తీసినది చెల్లదట. మే 20 ప్రాంతం నుంచి జులై 22 ప్రాంతం వరకు ట్రోమ్సోలో సూర్యుడు అస్తమించడు. అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడండంటూ మీ ప్రకటనలోనే పెద్ద అక్షరాలతో రాశారు, అందుకే మేము వెళ్ళాం. ఇక్కడ చీకటి పడదమ్మా అని ఎంత చెప్పినా ఆవిడ "నిబంధన అదే" అన్న మాట దాటలేదు. ఆ రోజంతా మా ఫిర్యాదు పక్కన "ఆధారాలు అందలేదు" అనే ఉంది.

ఆ ఊరికి మేము వెళ్ళింది ఊరు చూడటానికి. 1961 నుంచి నడుస్తున్న ఫ్యెల్‌హైసెన్ కేబుల్ కారులో 421 మీటర్ల ఎత్తున ఉన్న స్టూర్‌స్టైనెన్ కొండ అంచుకు వెళితే దీవి మీది ఊరు, దాన్ని ప్రధాన భూభాగంతో కలిపే వంతెన, చుట్టూ కొండలు, సముద్రం ఒక్కచోటి నుంచి కనిపిస్తాయి. ఆ కేబుల్ కారు ఎక్కే వరుసలో నిలబడి ఉండగా మీ వాళ్ళు ఫోను చేసి, వెంటనే వ్యాను దగ్గరకు వెళ్ళకపోతే అభ్యర్థన రద్దవుతుందన్నారు. పరుగున వెళ్ళాం. తీరా వాళ్ళకు కావలసింది బుకింగ్ నంబరు. అది నా ఫోనులోనే ఉంది, వరుసలో నిలబడే చెప్పగలిగేదాన్ని.

మా అబ్బాయికి ధ్రువ ప్రాంతాల యాత్రికుడు అముండ్‌సెన్ అంటే ప్రాణం. ఎయిర్‌షిప్ కూలి ఆర్కిటిక్ మంచులో చిక్కుకున్న ఇటలీ యాత్రికుడు నోబిలె బృందాన్ని వెతకడానికి ఆయన 1928 జూన్‌లో ఈ ఊరి నుంచే విమానంలో బయలుదేరి తిరిగి రాలేదు. పోలార్ మ్యూజియానికి వాడిని వాళ్ళ నాన్న తీసుకెళ్ళారు. వాడు అక్కడ ఏం చూశాడో నేను వ్యాను మెట్టు మీద కూర్చుని వాడి నోట విన్నాను, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, సగం సగం.

ఇక మీరు రాసిన ఆ సాయంత్రం సంగతి. 1965లో కట్టిన ఆర్కిటిక్ కెథడ్రల్ అనే చర్చిలో వేసవిలో అర్ధరాత్రి కచేరీలు జరుగుతాయి. మా అత్తగారు ఈ ప్రయాణంలో తనకోసం అడిగింది అదొక్కటే. టికెట్లు కొన్నాం. క్యాంపింగ్ స్థలం నుంచి నడిచి వెళ్ళేంత దూరం. సాయంత్రం మీ వాళ్ళు ఫోను చేసి, ఎనిమిది తర్వాత మెకానిక్ వస్తాడు, ఎవరూ కదలవద్దన్నారు. ఆవిడను మా వారితో పంపిస్తానంటే, నేను లేకుండా తను వెళ్ళనని ఆవిడే అన్నారు. నలుగురం వ్యాను చుట్టూ కూర్చున్నాం. తొమ్మిది, పది, పదకొండు. మీ నంబరుకు చేస్తే కార్యాలయం వేళలు ముగిశాయన్న రికార్డు. కచేరీ మొదలయ్యే వేళ దాటింది. ఎవరూ రాలేదు. ఆ రాత్రి ఏ మెకానిక్కూ లోపలికి రాలేదని రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి సంతకం చేసి ఇచ్చింది.

అలాంటి మమ్మల్ని పట్టుకుని "కస్టమర్ వాహనం వద్ద లేనందున" అని ఎలా రాశారు? ఆ సాయంత్రం మేము ఇంకెక్కడ ఉన్నాం?

మీరు తెలుగులో మాట్లాడతారు, మన వాళ్ళు, కష్టమొస్తే ఆదుకుంటారు అనుకునే ఇంతకుముందు బెర్గెన్ ప్రయాణానికీ లోఫోటెన్ ప్రయాణానికీ మీ దగ్గరే వ్యాను తీసుకున్నాం. ఇతర సంస్థలు తక్కువకు ఇస్తామన్నా వెళ్ళలేదు. మా మాట మీద మా స్నేహితుల కుటుంబాలు మీ దగ్గరకు వచ్చాయి. ఈసారి వాళ్ళు అడిగితే నేను ఏం చెప్పాలి?

వ్యాను ఇల్లుగా పనిచేయని రోజుల అద్దె తిరిగి ఇవ్వాలి, కచేరీ టికెట్ల డబ్బు కూడా. దానికంటే ముందు ఆ వాక్యం మీ రికార్డులోంచి తీసేసి, అది తప్పని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఎవరి పేరూ లేని మెయిల్ నాకు వద్దు. మా అత్తగారికి క్షమాపణ చెబుతూ, రాసిన అధికారి పేరుతో ఉత్తరం రావాలి. రెండు వారాల్లో రాకపోతే నార్వేలోని వినియోగదారుల రక్షణ అధికారుల దగ్గరకు వెళతాను. ఫోను కాల్స్ వివరాలన్నీ దాచి ఉంచాను. మా స్నేహితులు వచ్చే వేసవికి మీ దగ్గర చేసుకున్న బుకింగులు ఉంచాలో రద్దు చేయాలో నా మాట కోసం చూస్తున్నారు.

ఇట్లు,
జులైలో ట్రోమ్సో నుంచి మీకు ఫోను చేసిన కస్టమర్

జతపరచినవి: క్యాంపింగ్ స్థలం రిసెప్షన్ ఇచ్చిన పత్రం, వాడని కచేరీ టికెట్లు, కాల్స్ వివరాలు.