అలాట్‌మెంట్ (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకు తీసుకునే తోట ప్లాట్లు) సభ్యులకు: గడ్డకట్టే మంచు రాకముందే

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో అక్టోబర్‌లోనే మంచు గడ్డకట్టొచ్చు, గుమ్మడికాయలు ఇక తీగ మీద ఉంచకండి. తొడిమ 5 సెంటీమీటర్లకు తగ్గకుండా కోయండి. తొడిమ పట్టుకుని ఎత్తొద్దు, విరిగితే కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది. 10 రోజులు ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే తోలు గట్టిపడి చలికాలంలో నెలల తరబడి నిలుస్తాయి. పచ్చి టమాటాలు కూడా కోసేయండి, పచ్చడికి భలే ఉంటాయి.

కంపోస్టుకు ఒక బకెట్ పచ్చి చెత్త, రెండు బకెట్ల చించిన అట్టముక్కలు, ఎండు కాడలు. కుప్ప కంపు కొడితే తడి ఎక్కువై గాలి ఆడట్లేదన్నమాట. అట్టముక్కలు కలిపి తిరగేయండి. బ్లైట్ అనే కుళ్లు తెగులు సోకిన బంగాళదుంపలు మాత్రం వేయొద్దు. దుంప బతికితే తెగులూ బతుకుతుంది, వచ్చే ఏడాది మొలకెత్తి పక్క ప్లాట్లకూ అంటుకుంటుంది. వాటిని కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ) వాళ్ల తోట చెత్త డబ్బాలో వేయండి. దయచేసి ఇదొక్కటి అందరూ పాటించాలి.