ఒకే పిల్ల, రెండు ఎత్తులు

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను చెన్నై పెరంబూరులో ముప్పై ఒక్క ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా నా మిషను మీద బడి పిల్లల యూనిఫారాలు తప్ప వేరే గుడ్డ ఎక్కదు. పిల్లల ఎత్తు గురించి నాలుగు మాటలు రాసే అర్హత నాకు ఉందనే ధైర్యంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

దసరా సెలవులకు మా అమ్మాయి, అల్లుడు గారు తమ ఇద్దరు పిల్లలతో నెల్లూరు నుంచి వచ్చారు. పిల్లలు పట్టుబడితే నగర శివార్లలోని ఒక వినోదాల పార్కుకు వెళ్లాం. దాని పేరు రాయడం లేదు. పేరు రాస్తే అది ఆ ఒక్క పార్కు గొడవ అయిపోతుంది.

టికెట్ల కిటికీ పక్కన జిరాఫీ బొమ్మ ఒకటి నిలబెట్టారు. దాని మెడ మీద 140 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత. గీత దాటని వాళ్లకు పిల్లల టికెట్టు, దాటితే పెద్దల టికెట్టు. మా మనవరాలికి పదేళ్లు, అయిదో తరగతి. ముందు రోజే పరికిణీ కోసం దాన్ని గోడకు నిలబెట్టి కొలిచాను. 139న్నర. ఆ మాటే చెప్పాను. కిటికీలోని అమ్మాయి వినలేదు. చెప్పులు విప్పమని కూడా అనలేదు. అట్ట లాంటి మందపాటి అడుగున్న చెప్పులతోనే పిల్లను జిరాఫీ పక్కన నిలబెట్టి, గీత దాటిందని పెద్దల టికెట్టు కొట్టింది. తేడా నాలుగు వందలకు దగ్గర. సెలవు పూట గొడవెందుకని అల్లుడు గారు కట్టేశారు.

మధ్యాహ్నం మూడున్నరకు, దాదాపు గంట సేపు క్యూలో నిలబడ్డాక, అన్నిటికంటే పెద్ద రైడు ముందుకు చేరాం. అక్కడా ఎత్తు కొలిచే బొమ్మే, ఈసారి ఎలుగుబంటి. కనీసం 140 ఉండాలి. కొలిచే కుర్రవాడు చెప్పులు విప్పించాడు. మడమలు ఆనించమన్నాడు, గడ్డం ఎత్తవద్దన్నాడు. నేను కొలిచినా అలాగే కొలుస్తాను. పిల్ల తల గీతకు కిందనే ఆగింది. కుదరదన్నాడు.

పొద్దున పది గంటలకు 140 దాటిన పిల్ల మధ్యాహ్నానికి దాటలేదు. డబ్బు తీసుకునేటప్పుడు పొడుగు, ఎక్కించుకునేటప్పుడు పొట్టి.

అల్లుడు గారికి కోపం వచ్చింది. టికెట్టు చూపించి, పెద్దల ధర తీసుకున్నారు కదా అని నిలదీశారు. వెనక క్యూలో ఉన్న ఒకావిడ, పిల్ల జుట్టు నడినెత్తిన ముడి వేసి మళ్లీ నిలబెట్టండి అని సలహా ఇచ్చింది. ఆ కుర్రవాడు మాత్రం గొంతు పెంచలేదు, గేటు తీయనూ లేదు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఆ ఎండలో రోజుకు ఎంత మంది తండ్రుల చేత తిట్లు తింటాడో! నేను అతని పక్షమే తీసుకున్నాను. మా అల్లుడు గారు ఆ రోజు సాయంత్రం దాకా నాతో సరిగా మాట్లాడలేదు.

ఎందుకు తీసుకున్నానో చెబుతాను. ఎందుకు తంబీ ఇంత పట్టింపు అని అడిగితే, అతను నన్ను గేటు పక్కకు పిలిచి ఖాళీ సీటు చూపించాడు. సీటు రెడీమేడ్ చొక్కా లాంటిది. ఒక కొలతకు కోశారు, ఎక్కే మనిషిని బట్టి మారదు. భుజాల మీదుగా దిగే పట్టీ, తొడల మీద ఆగే కడ్డీ ఒక స్థాయి దాకానే దిగుతాయి. ఒళ్లు చిన్నదైతే కడ్డీకీ తొడకూ మధ్య ఖాళీ మిగులుతుంది. బండి ఒక్కసారిగా ఆగినా తిరగబడినా ఆ ఖాళీలోంచే పిల్ల కిందికి జారిపోతుంది. కాళ్లు నేలకు అందకపోతే నిలదొక్కుకోలేదు. తల ఆనవలసిన చోట ఆనకపోతే మెడకు దెబ్బ. వయసు అడగకుండా ఎత్తు చూడటానికి కారణం ఇదే. ఎత్తును బట్టి ఒంటి సైజు సుమారుగా తెలుస్తుంది.

అంతెందుకు, పిల్లల రైళ్లకు ఫలానా ఎత్తు మించకూడదని కూడా రాస్తారు. పొడుగు మనిషి చెయ్యి చాస్తే పక్క స్తంభానికి తగలవచ్చు, మోకాళ్లు ఇరుక్కోవచ్చు. ఒళ్లు పెద్దదైనా ప్రమాదమే. 2022 మార్చిలో అమెరికాలోని ఆర్లాండోలో ఎత్తైన టవర్ రైడు నుంచి పద్నాలుగేళ్ల బాలుడు జారిపడి చనిపోయాడు. అతని బరువు ఆ సీటు పరిమితిని మించింది. పట్టీ దగ్గర మామూలు కంటే ఎక్కువ ఖాళీ ఉన్నా రైడు కదిలేలా ఆ సీటు సెన్సారును సర్దేశారని దర్యాప్తులో తేలింది. ఒళ్లు చేసిన వాళ్లకు జాకెట్టు కుట్లు విప్పి వదులు చేయడం నాకు రోజూ ఉండే పనే. దాని వల్ల ఎవరి ప్రాణమూ పోదు. సీటు విషయంలో అలా కుదరదు.

కాబట్టి ఎత్తు నియమం సడలించమని నేను అడగడం లేదు. కొలత ఒక్కటే ఉండాలని అడుగుతున్నాను.

నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. బయటికి వచ్చేటప్పుడు జిరాఫీని కొలిచాను. కాపలాదారు నవ్వుకున్నాడు కానీ అడ్డు చెప్పలేదు. బొమ్మ పాతిన చోట నేల ఒక పక్కకు వాలింది. పిల్లలు నిలబడే బండ మెరక మీద ఉంది, బొమ్మ అడుగు పల్లంలో ఉంది. బండ మీద నుంచి కొలిస్తే గీత 138కే వచ్చింది. పైగా ఏడాదికోసారి రంగు మీద రంగు వేసి ఆ గీతను రెండు వేళ్ల మందం చేశారు. పై అంచు లెక్కా, కింది అంచు లెక్కా? రెండు వేళ్లంటే మూడు సెంటీమీటర్లకు పైనే. ఎదిగే పిల్లకు అది ఆరు నెలల ఎదుగుదల.

బట్టల దుకాణంలో ఇనుప మీటరు బద్ద మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. కూరగాయల కొట్టు తక్కెడకూ ముద్ర తప్పదు. కొలతను బట్టి డబ్బు మారుతుంది కనుక ఆ ముద్ర. మరి ఆ జిరాఫీ చేస్తున్నది కూడా అదే పని కదా? దానికి ముద్ర ఎవరు వేశారు?

మనిషి ఎత్తు పొద్దుటికీ సాయంత్రానికీ ఒకటే ఉండదన్నది ఇంకొక సంగతి. పగలంతా నిలబడి నడిస్తే వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు నొక్కుకుని, సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. అందుకే యూనిఫారం కొలతలకు పిల్లల్ని ఉదయం పూట తీసుకురమ్మంటాను. గీతకు అటూ ఇటూగా ఉన్న పిల్లను పొద్దున ఒక రైడు ఎక్కించుకుని, అదే ఎత్తు అడిగే మరో రైడు దగ్గర సాయంత్రం వెనక్కి పంపితే తల్లిదండ్రులు మోసమనుకోక ఏమనుకుంటారు?

గీత దగ్గర ఉండే పిల్లలు నలుగురో అయిదుగురో కాదు. పిల్లల డాక్టర్ల గదుల్లో వేలాడే ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక చూడండి. సరిగ్గా పదేళ్లు నిండిన ఆడపిల్ల మధ్యస్థ ఎత్తు 138, 139 మధ్య ఉంటుంది. అంటే అయిదో తరగతి పిల్లల్ని విహారయాత్రకు తెస్తే, 140 అడిగే రైడు దగ్గర దాదాపు సగం మంది బయటే నిలబడాలి. శీతాకాలంలో నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు బడుల బస్సులు ఎన్నో ఇక్కడికి వస్తాయి. ఆ పంతుళ్లకు ఈ సంగతి ముందే ఎవరైనా చెబుతున్నారా?

మా మనవడి సంగతి చెప్పలేదు కదూ. వాడికి ఏడేళ్లు, 118. వాడు ఎక్కాలనుకున్న బండికి 120 కావాలి. తీరా చూస్తే వాళ్ల నాన్న చేతి రుమాలు మడిచి వాడి బూట్లలో పెట్టి ఉన్నారు. తీసేశాను. రెండు సెంటీమీటర్ల రుమాలు మడమ కింద చేరుతుంది కానీ తొడ లావు కాదు, కడ్డీ కిందికి దిగదు. వాడు ఏడ్చాడు, ఐస్‌క్రీముకూ లొంగలేదు.

పార్కుల వాళ్లు చేయగలిగినది పెద్ద ఖర్చు పని కాదు. గేటు దగ్గరే ఒక్కసారి, చెప్పులు విప్పించి, చదునైన నేల మీద, ముద్ర ఉన్న బద్దతో కొలవాలి. ఆ ఎత్తును బట్టి మణికట్టుకు రంగు పట్టీ కట్టాలి. అమెరికాలో కొన్ని పార్కుల్లో ఇలా కడతారు. టికెట్టు ధరకూ రైడుకూ ఆ పట్టీయే లెక్క కావాలి. పిల్ల గంట సేపు నిలబడ్డాక కాదనడం కంటే గేటు దగ్గరే కాదనడం మేలు. ఏ రైడుకు ఎంత ఎత్తు కావాలో టికెట్టు కొనకముందే కనిపించేలా తమిళంలో, తెలుగులో రాయాలి. సెంటీమీటర్లతో పాటు అడుగులు, అంగుళాలు కూడా వేయాలి. 120 అంటే సుమారు మూడడుగుల పదకొండు అంగుళాలు, 140 అంటే నాలుగడుగుల ఏడు. మా ఊరి వాళ్లకు ఆ లెక్కే తలకెక్కుతుంది. చిన్న పిల్లలున్న తల్లిదండ్రుల్లో ఒకరు ఎక్కి దిగాక రెండో వారిని మళ్లీ క్యూలో నిలబెట్టకుండా పంపే ఏర్పాటు డిస్నీ పార్కుల్లో ఉంది. అదీ ఇక్కడ పెట్టవచ్చు, దానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

పెద్దల ధర తీసుకున్న పిల్లను ఎత్తు చాలదని ఆపితే ఆ తేడా డబ్బు అక్కడికక్కడే వెనక్కి ఇవ్వాలి. మా నాలుగు వందల కోసం నేను అడిగినప్పుడు కిటికీలోని అమ్మాయి మేనేజరు భోజనానికి వెళ్లారంది. అప్పుడు సాయంత్రం అయిదున్నర.

ఇదే ఉత్తరం తమిళంలో ఆ పార్కుకు కూడా పంపాను. జిరాఫీ దగ్గర నేల ఎటు వాలిందో బొమ్మ గీసి జత చేశాను. పంపి పందొమ్మిది రోజులైంది.

ఇట్లు,
ఒక దర్జీ,
పెరంబూరు, చెన్నై