నల్లమల దారి పట్టేవారికి దూరంతో పాటు వేళలు కూడా చెప్పండి

సంపాదకులకు,

అయ్యా,

శ్రీశైలం జలాశయంలో నీటిమట్టం నిండుమట్టమైన 885 అడుగులకు చేరువైందని, గేట్లు ఎత్తారని పత్రికల్లో ఫొటోలు రాగానే ఆ వచ్చే శనివారం హైదరాబాద్ నుంచి నల్లమల వైపు కార్లు బారులు తీరడం ఏటా చూస్తున్నదే. దసరా సెలవులు, ఆ వెంటనే కార్తీక మాసం దగ్గర పడుతున్నందున ఆ రద్దీ ఇక మొదలవుతుంది. ఇలాంటి రోజుల్లో రెండు రోజుల విహారాల గురించి పత్రికల్లోనూ సామాజిక మాధ్యమాల్లోనూ వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతాను. ఊరు ఎన్ని కిలోమీటర్లు, చూడవలసినవి ఏమిటి, బస ఎక్కడ అన్న వివరాలు వాటిలో ఉంటాయి. అడవి గేటు ఏ వేళకు మూస్తారు, ఏ నెలల్లో లోపలికి పంపరు, ఎక్కడ కారు దిగకూడదు అన్నవి మాత్రం చాలా వ్యాసాల్లో కనిపించవు. ఆ లోటు వల్ల ప్రయాణికులకు ఎంత ఇబ్బందో, అడవికి అంతకన్నా ఎంత కీడో స్వయంగా చూసినవాడిని కనుక ఈ లేఖ రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారి తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, డిండి మీదుగా సాగి, సుమారు 140 కిలోమీటర్ల తర్వాత మన్ననూరు వద్ద అడవిలో ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి దోమలపెంట వరకు ఆ రోడ్డు నడిచేది అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడిబొడ్డున. 1983లో పులుల పరిరక్షణ పథకం కిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం నుంచి రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వాటాగా వేరుపడిన ఈ అడవి 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది. మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. శివరాత్రి వంటి సందర్భాల్లో సడలింపులు ప్రకటిస్తారు గానీ మామూలు రోజుల్లో నియమం ఇదే. ఆంధ్రప్రదేశ్ వైపు దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డు మీదా రాత్రి రాకపోకలపై నియంత్రణ ఉంది. చీకటి పడ్డాక నీటికోసం, మేతకోసం రోడ్డు దాటే జంతువులను కాపాడడానికి పెట్టిన నియమమిది.

ఈ సంగతి తెలియకుండా మూడేళ్ల కిందట మేము ఒక శనివారం సాయంత్రం 5 గంటలకు ఇల్లు కదిలాము. నేను, నా భార్య, మా అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు. ఔటర్ రింగ్ రోడ్డు దాటేసరికే చీకటి పడింది. దారిలో భోజనానికి ఆగి, గేటు దగ్గరికి చేరేసరికి 9 గంటల 20 నిమిషాలు అయింది. అప్పటికే అక్కడ నలభై, యాభై కార్లు ఆగి ఉన్నాయి. శ్రీశైలంలో గదికి ముందే డబ్బు కట్టిన ఒకాయన కాపలాదారుతో వాదనకు దిగాడు. ఆ కాపలాదారు చేతిలో టార్చిలైటు, మెడ చుట్టూ మఫ్లరు, అంతే; ఒక్కడే నిలబడి అందరికీ అదే జవాబు ఓపికగా చెబుతున్నాడు. ఆ రాత్రి పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకుని కారులోనే తెల్లవార్చాము. తప్పు ముమ్మాటికీ మాదే. రూటు చూసుకున్నాము, హోటల్ చూసుకున్నాము, వేళ చూసుకోలేదు.

అయితే నన్ను ఈనాటికీ వెంటాడుతున్నది ఆ రాత్రి పడ్డ అవస్థ కాదు, తెల్లవారి కళ్లారా చూసినది. 6 గంటలకు గేటు ఎత్తగానే రాత్రంతా ఆగిన కార్లన్నీ ఒక్కుమ్మడిగా అడవి మీద పడ్డాయి. పోగొట్టుకున్న సమయాన్ని రాబట్టుకోవాలన్న ఆత్రంతో ఒకదాన్నొకటి దాటుకుంటూ, మలుపుల్లో హారన్లు మోగించుకుంటూ వెళ్లాయి. దుప్పులు, కణుతులనే పెద్ద జింకలు నీటి నుంచి నీడకు మళ్లే వేళ సరిగ్గా అదే. ఫరహాబాద్ దాటిన కాసేపటికి రోడ్డు అంచున ఒక దుప్పి పిల్ల పడి ఉంది. దాని ఒంటిమీది తెల్లచుక్కలు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి, ముక్కు దగ్గర మాత్రం సన్నగా రక్తం కారి తారు మీద చారగా ఎండుతోంది. తల్లి కాబోలు, పొదల్లో నాలుగడుగుల దూరాన నిలబడి కదలకుండా చూస్తోంది. మా వెనుక కార్లు హారన్ కొడుతుంటే మేమూ ఆగలేక ముందుకు సాగిపోయాము. మా మనవరాలు శ్రీశైలం చేరేవరకూ ఒక్క మాట మాట్లాడలేదు.

రాత్రి 9 గంటల నియమం చీకటివేళ జంతువులను కాపాడుతున్న మాట నిజమే. కానీ ఆలస్యంగా బయలుదేరిన మనబోటి వాళ్లం గేటు బయట గుమిగూడి ఆ ప్రమాదాన్ని తెల్లవారుజాముకు నెడుతున్నాము. అందుకే నా మొదటి విన్నపం ఇది: నల్లమలకు వెళ్లదలచినవారు శుక్రవారమో శనివారమో సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బయలుదేరే ఆలోచనే మానుకోవాలి. శనివారం తెల్లవారుజామున 5 గంటలకు కదిలితే ఎండ ఎక్కక ముందే డిండి జలాశయం చేరుకోవచ్చు. కాస్త దారి మళ్లి అచ్చంపేటలో టిఫిన్ చేసి, ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుని, తాపీగా అడవిలోకి వెళ్తే ఉదయపు గుంపు అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు కాబట్టి బస చేయబోయే చోటి నంబర్లు, దారి వివరాలు కాగితం మీద రాసుకోవడం మంచిది.

మరుసటి సంవత్సరం మేము ఈ పద్ధతిలోనే వెళ్లాము, శ్రీశైలం వరకు పోదామన్న పట్టుదల వదులుకుని. శనివారం పొద్దున రంగాపూర్ దగ్గరి ఉమామహేశ్వరం చూశాము. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న ఈ క్షేత్రంలో గుడి మీదికి కొండచరియ గొడుగులా వంగి ఉంటుంది. చరియ కింద నడుస్తుంటే రాతి పగుళ్ల నుంచి ఊరిన చల్లని నీరు భుజాల మీద చుక్కలుగా రాలుతుంది. కొండ మీది నుంచి చూస్తే కింద చెరువులూ పొలాలూ పరుచుకుని కనిపిస్తాయి. పెద్దవయసు వారికి కూడా సాధ్యమైన నడక అది. ఆ రాత్రి మన్ననూరులో అటవీ శాఖ వసతిలో ముందుగా బుక్ చేసుకున్న గదిలో ఉండి, ఆదివారం సఫారీ వాహనంలో ఫరహాబాద్ వెళ్లాము. ఒకప్పుడు నిజాముల వేట విడిదిగా ఉన్న ఆ కొండ అంచున నిలబడితే కనుచూపు మేరా ఒక్క ఇల్లు గానీ, ఒక్క విద్యుత్ స్తంభం గానీ కనిపించని అడవి.

మాకు దారి చూపడానికి వచ్చినవాడు ఒక చెంచు యువకుడు. అడవిలో నడవడం అంటే ఏమిటో ఆ రెండు గంటల్లో అతని దగ్గర నేర్చుకున్నాను. ఒకచోట చేయెత్తి అందరినీ ఆపి, చెదల పుట్టను చూపించాడు. పుట్ట ఒక పక్క జానెడు లోతున తవ్వి ఉంది, బయటపడ్డ మట్టి ఇంకా తడిగా ఎర్రగా ఉంది. తెల్లవారక ముందు ఎలుగుబంటి వచ్చి చెదలు పీల్చుకుని పోయిందని, మట్టి ఆరలేదు కనుక అది దూరం పోలేదని మెల్లగా చెప్పి, మమ్మల్ని వేరే బాట వైపు మళ్లించాడు. అతను లేకపోతే మేము ఆ పుట్ట పక్కగానే కబుర్లు చెప్పుకుంటూ నడిచి ఉండేవాళ్లం. దాహమేస్తోందని మనవడు అంటే మోదుగ ఆకును దొప్పలా మడిచి అందులో నీళ్లు పోసి ఇచ్చాడు. సీసా నోటితో తాగడం కంటే అదే బాగుందని వాడు మళ్లీ మళ్లీ అడిగి తాగాడు. దోమలపెంట, ఈగలపెంట, సున్నిపెంట అన్న పేర్లు విని నగరం నుంచి వచ్చే పిల్లలు ముక్కు మూసుకుంటారు. నల్లమలలో పెంట అంటే చెంచుల ఊరు. ఆ ఊళ్ల ముందు కారు ఆపి, అడగకుండా లోపలికి వెళ్లి, గుడిసెలనూ పసిపిల్లలనూ ఫొటోలు తీయడం మన ఇంట్లో ఎవరైనా చేస్తే సహిస్తామా? గైడు లేకుండా, అనుమతి లేకుండా బాట తప్పి నడవకూడదన్న నియమం మన ప్రాణం కోసమూ, వారి మర్యాద కోసమూ కూడా.

కోతుల సంగతి విడిగా చెప్పాలి. ఘాట్ మలుపుల్లో కారు అద్దం దించి అరటిపండ్లు, బిస్కెట్లు విసరడం చాలామంది పుణ్యకార్యంగా భావిస్తున్నారు. ఇప్పపండ్లు, తునికిపండ్లు, చిగుళ్లు వెతుక్కుని తినవలసిన కోతి ఆ తిండికి అలవాటుపడి రోడ్డు అంచునే కాపురం పెడుతుంది. పిల్లను కడుపుకు హత్తుకుని చక్రాల మధ్యకు దూకుతుంది. తిండి అందనప్పుడు పిల్లల చేతుల్లోంచి లాక్కుంటుంది, కరుస్తుంది. ఇక పులిహోర పొట్లాలు కట్టిన కవర్లు! ఉప్పు రుచికి దుప్పులు వాటిని కవరుతో సహా నమిలేస్తాయి. అమ్రాబాద్‌లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను 2024 జూలై నుంచి నిషేధించారు. నిషేధం ఉన్నంత మాత్రాన సరిపోదు కనుక స్టీలు డబ్బాల్లో తిండి, పెద్ద క్యానుతో నీళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంటే మన సంచిలో అసలు చెత్తే ఉండదు. అభయారణ్యంలో అడవికి ముప్పు తెచ్చేలా పొయ్యి రాజేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆకురాలే ఈ అడవిలో వేసవి నాటికి నేలంతా ఎండుటాకే కనుక ఒక్క సిగరెట్ ముక్క చాలు.

కాలం విషయంలోనూ జాగ్రత్త అవసరం. జూలై నుంచి సెప్టెంబర్ దాకా, జంతువులు జతకట్టే కాలం కనుక, సఫారీలు మూసివేస్తారు. రహదారి తెరిచే ఉంటుంది గానీ అడవిలోకి వెళ్లడానికి లేదు. వటవర్లపల్లి దగ్గర రోడ్డు దిగి వెళ్లే మల్లెలతీర్థం వానలు వెనుకబట్టాక చూడడానికి ఎంతో బాగుంటుంది, మార్చి దాటితే ధార సన్నబడుతుంది. వందలాది మెట్లు దిగి, తిరిగి అవే మెట్లు ఎక్కాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవారు ముందే ఆలోచించుకోవాలి. నాచుపట్టిన బండల మీద నిలబడి సెల్ఫీల కోసం వెనక్కి అడుగు వేయడం ప్రాణాంతకం.

రెండు రోజులు తీరిక లేనివారు నిరాశ పడనక్కరలేదు. తెలంగాణలోని మూడు జాతీయ ఉద్యానవనాలూ హైదరాబాద్‌లోనూ, దాని అంచునూ ఉన్నాయని చాలామందికి తెలియదు. జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, చిలుకూరు దగ్గర మృగవని, మా ఇంటి పక్కనే మహావీర హరిణ వనస్థలి. వర్ధమాన మహావీరుడి 2,500వ నిర్యాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టుకున్న హరిణ వనస్థలిలో కృష్ణజింకలు ఇప్పటికీ గంతులు వేస్తున్నాయి. నల్లమలకు తీసుకెళ్లే ముందు పిల్లలను ఒక ఆదివారం ఉదయం ఇక్కడికి తెచ్చి, చప్పుడు చేయకుండా నడవడం, ఏమీ పారేయకుండా తిరిగి రావడం అలవాటు చేయవచ్చు. మా మనవలకు మేము అలాగే అలవాటు చేశాము.

అధికారులకు నా మనవి ఒక్కటే. గేటు మూసే వేళను గేటు దగ్గరే కాక, ఔటర్ రింగ్ రోడ్డు దిగిన చోటా, కడ్తాల్ లోనూ, డిండి దగ్గరా పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి; అక్కడైతే వెనక్కి తిరగడానికో, ఆ రాత్రికి బస వెతుక్కోవడానికో వీలుంటుంది. మీ పత్రికకు మరో మనవి. విహారయాత్రల శీర్షికలో దూరం, బస, భోజనం వివరాల పక్కనే గేటు తెరిచే, మూసే వేళలు, సఫారీ మూతపడే నెలలు, అనుమతి ఎవరి దగ్గర తీసుకోవాలి అన్న నాలుగు పంక్తులు ప్రతిసారీ అచ్చు వేయండి. అడవి మీదుగా పోయే ప్రతి దారికీ ఇది అవసరమే. ముందుగా శ్రీశైలం దారితో మొదలుపెట్టి, కార్తీక మాసం తొలి శనివారానికి ముందే అది పాఠకుల చేతికి అందేలా చూడగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వనస్థలిపురం, హైదరాబాద్