తెర వెనక వంటవాళ్ల పేర్లూ చూపించండి

ఎడిటర్ గారికి,

ఈమధ్య మా దగ్గర ఓ టీవీ వంటల షో షూటింగ్ జరిగితే పేరున్న చెఫ్‌ను కలిసే అవకాశం దొరికింది. టీవీలో అరగంటలో అయిపోయే వంట వెనక ఎంత పని ఉందో! ఒకే వంటను దూరం నుంచి ఓసారి, చేతులు మాత్రమే కనిపించేలా దగ్గర నుంచి ఇంకోసారి తీస్తారు, ఉడికేదాకా ఆగలేరు కాబట్టి పూర్తయిన గిన్నె ఒకటి ముందే పక్కన రెడీగా ఉంటుంది. అది వండేది, కూరగాయలు తరిగేది, కొలతలు సరిచూసేది తెర వెనక వంటవాళ్లు. ఫొటోలు దిగాక చెఫ్ వాళ్లందరినీ పేరుపేరునా పిలిచి మాకు పరిచయం చేశారు, నాకు అదే బాగా నచ్చింది. ఛానెళ్లు కూడా ఆ పేర్లను చివర్లో గబగబా పరిగెత్తించేయకుండా చదవగలిగేంత సేపు వేయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు