బరువులెత్తే పిల్లలకు పరుగు బూట్లు వద్దు

సంపాదకులకు నమస్కారం.

జిల్లా స్థాయి వెయిట్‌లిఫ్టింగ్ పోటీల ఫలితాలకు కూడా మీ క్రీడా పేజీలో చోటిస్తున్నందుకు ధన్యవాదాలు. ఈ క్రీడలో చేరుతున్న పిల్లల తల్లిదండ్రులకు బూట్ల ఎంపిక గురించి అదే పేజీలో వివరంగా చెప్పవలసిన అవసరం ఉందని ఈ లేఖ రాస్తున్నాను.

2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం సాధించిన మత్స సంతోషిది విజయనగరం జిల్లా కొండవెలగాడ. వారిని చూసి మా ప్రాంతంలో సామాన్య కుటుంబాల ఆడపిల్లలు ధైర్యంగా బార్‌బెల్ పట్టుకుంటున్నారు. వారి కోసం కన్నవారు ఉన్నంతలో ఖర్చుపెట్టి కొంటున్నవి మాత్రం చాలాచోట్ల మెత్తటి పరుగు బూట్లే. ధర ఎక్కువైతే మంచివేనన్న నమ్మకం ఒకటి, ‘జిమ్ షూ’ అని దుకాణంలో చెప్పే మాట మరొకటి ఇందుకు కారణం.

పరుగెత్తేటప్పుడు పాదానికి తగిలే దెబ్బను తగ్గించడానికే ఆ బూట్ల అడుగున స్పాంజి లాంటి పొర పెడతారు. బరువు ఎత్తేటప్పుడు అదే పొర అణిగి అటూ ఇటూ ఒరుగుతుంది. పరుపు మీద నిలబడి ధాన్యం బస్తా భుజానికెత్తుకున్నట్టే ఉంటుంది. అలాంటి బూట్లతో స్క్వాట్ (భుజాలపై బరువుతో గొంతుక్కూర్చుని లేవడం) చేస్తున్న అమ్మాయిని ఒకసారి వెనుక నుంచి గమనించండి. కిందికి కూర్చునే కొద్దీ మడమ లోపలి వైపుకు వాలుతుంది, దాని వెంటే మోకాలు కూడా లోపలికి లాగుతుంది. బరువును నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో, బార్ పైకి చేరే క్షణంలో ఇలా జరిగితే బరువు చేజారడం సంగతి అటుంచి, మోకాలికే ప్రమాదం.

అసలైన లిఫ్టింగ్ బూటుకు మడమ కింద చెక్క గాని గట్టి ప్లాస్టిక్ గాని ఉంటుంది. ఆ హీల్ ఎత్తు సాధారణంగా 20 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చీలమండ అంతగా వంగని వారు కూడా నడుము ముందుకు వాలకుండా పూర్తి లోతుకు కూర్చోగలగడం ఈ ఎత్తు వల్లనే. పాదం లోపల జారకుండా లేసుల మీదుగా ఒకటో రెండో పట్టీలుంటాయి. కొనేటప్పుడు హీల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. ఏమాత్రం అణిగినా అది ఈ పనికి రాదు. సాధన చేసేటప్పుడు వేసుకునే మేజోళ్లతోనే, వీలైతే సాయంత్రం పూట, తొడిగించి దుకాణంలోనే స్క్వాట్‌లో కూర్చోబెట్టి చూడాలి. మడమ లేవకూడదు, వేళ్లు మాత్రం ఇరుక్కోకూడదు.

ఎదిగే పిల్లలు కదా అని ఒక సైజు పెద్దవి కొనడం మనందరికీ అలవాటే. బడి బూట్ల విషయంలో అది చెల్లుతుంది గాని, భుజాల మీది బరువును తలపైకి నెట్టే జెర్క్‌లో కాళ్లు ముందుకూ వెనక్కూ విడదీసి దిగే పిల్లకు వదులు బూటు చాలా ప్రమాదకరం. అందుకే ఎదుగుదల వేగంగా ఉన్న వయసులో తొందరపడి ఖరీదైన జత కొనవలసిన పనిలేదు. తేలికపాటి బరువులతో పద్ధతి నేర్చుకునే తొలి నెలల్లో గట్టి, చదునైన అడుగున్న కాన్వాస్ బూట్లు సరిపోతాయి. జిమ్‌కు వెళ్లి ప్రధానంగా డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా లేపడం) చేసే పెద్దలకైతే పలుచని చదును అడుగే మేలు, ఎత్తు హీల్ వారికి అక్కరలేదు.

అయితే వేల రూపాయల జతను, పాదం ఎదిగినప్పుడల్లా, కూలి పనులకు వెళ్లే తల్లిదండ్రులు ఎలా కొనగలరు? క్రీడా శాఖ అధికారులకు నాదొక మనవి. శిక్షణ కేంద్రాలకు బార్‌బెళ్లు, ప్లేట్లు మంజూరు చేసేటప్పుడే 3 నుంచి 8 వరకు ఒక్కో సైజులో కనీసం రెండేసి జతల లిఫ్టింగ్ బూట్లు కూడా ఇవ్వండి. పిల్లలు వంతులవారీగా వాడుకుంటారు, పాదం పెరిగిన పిల్ల విడిచిన జత తర్వాతి పిల్లకు పనికొస్తుంది. వచ్చే ఏడాది పరికరాల జాబితా తయారయ్యే ముందే ఈ విషయం అధికారుల దృష్టికి వచ్చేలా మీ పత్రిక చొరవ చూపాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక లిఫ్టర్ తండ్రి, విజయనగరం